బంగారు వరి

పాఠ్యభాగ నేపథ్యం

విజ్ఞానశాస్త్ర విషయాలను సాధారణ పాఠకులకు అర్థమయ్యేలా వివరించే రచన వైజ్ఞానిక వ్యాసం. దీనిలో కల్పనకు తావుండదు. విషయ స్పష్టత, కార్యకారణ సంబంధం, తార్కికమైన ముగింపు దీని లక్షణాలు. మొక్కలలో విటమిన్లను తయారుచేసే ఎంజైములను జన్యు ఇంజనీరింగ్ ద్వారా మార్చిన తీరును, ఆ ప్రయత్నం ఎదుర్కొన్న చిక్కులను, ఉత్తర తెలంగాణ జనజీవనంతో దానికిగల సంబంధాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

అన్ని ఇంద్రియాలలోను కన్ను ప్రధానమని పెద్దల మాట. పగటివేళ కంటికి సూర్యుడు తోడుగా ఉంటాడు. పొద్దుగూకి మసక చీకటి కమ్మినప్పుడు చూపును నిలబెట్టేది మాత్రం మనం తినే ఆహారంలోని ఒక సూక్ష్మ పోషకం. అదే 'ఏ' విటమిన్. కంటి లోపలి నేత్రపటలంలో రోడాప్సిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. తక్కువ వెలుతురులో వస్తువులను గుర్తించడానికి అది ఆధారం. 'ఏ' విటమిన్ లోపిస్తే రోడాప్సిన్ తయారీ కుంటుపడుతుంది. అప్పుడు పగలు చక్కగా ఆడుకున్న పిల్లవాడు సందెవేళ గడప కనిపించక తట్టుకొని పడిపోతాడు. దీనినే రేచీకటి అంటారు. లోపం ముదిరితే తెల్లగుడ్డుపై నురుగు వంటి మచ్చలు ఏర్పడతాయి. ఆ తరువాత నల్లగుడ్డును కప్పి ఉన్న పారదర్శకమైన పొర ఎండి, మెత్తబడి, చివరకు చూపు శాశ్వతంగా పోతుంది. ఈ విటమిన్ కొరతగల పిల్లలు తట్టు, అతిసారం వంటి వ్యాధులకు తట్టుకోలేరు. కనుక ఇది చూపుతో పాటు ప్రాణానికి కూడా సంబంధించిన సమస్య.

మొక్కలు 'ఏ' విటమిన్‌ను నేరుగా తయారుచేయవు. దానికి మూలపదార్థమైన బీటా కెరోటిన్‌ను తయారుచేస్తాయి. మనం తిన్న బీటా కెరోటిన్ అణువును పేగులలోని ఒక ఎంజైము నడిమికి చీల్చుతుంది. ఆ రెండు ముక్కల నుండి 'ఏ' విటమిన్ ఏర్పడుతుంది. భోజనంలో కొంత నూనెగాని నెయ్యిగాని ఉంటేనే శరీరం దీనిని బాగా గ్రహించగలదు. బీటా కెరోటిన్ 'కెరోటినాయిడ్లు' అనే వర్ణద్రవ్యాల కుటుంబానికి చెందినది. పండిన మామిడిలోని పసుపు, టమాటలోని ఎరుపు, బతుకమ్మలో పేర్చే బంతిపూల మెరుపు ఈ కుటుంబం ప్రసాదించినవే. అయితే పసుపుపచ్చనిదల్లా కెరోటిన్ కాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలలో పండే పసుపుకొమ్ముకు రంగునిచ్చేది కర్కుమిన్ అనే వేరొక పదార్థం. దాని నుండి 'ఏ' విటమిన్ పుట్టదు. పసుపు కలిపిన అన్నమూ, బంగారు బియ్యంతో వండిన అన్నమూ చూపులకు ఒకేవిధంగా ఉండవచ్చు. శరీరం దృష్టిలో మాత్రం అవి వేరువేరు.

వరి మొక్క ఆకులలో బీటా కెరోటిన్ ఉంటుంది. అదే మొక్కకు కాసిన గింజలో మనం తినే తెల్లని భాగాన్ని అంకురచ్ఛదం అంటారు. ఆ భాగంలో బీటా కెరోటిన్ లేదు. తవుడు ఎంతగా తీస్తే బియ్యం అంత తెల్లబడతాయి. పోషకాలు అంతగా తగ్గుతాయి. అన్నమే ప్రధానాహారమై, ఆకుకూరలు, పాలు, గుడ్లు కొనలేని కుటుంబాలలో పిల్లలకు ఈ లోపం దాపురించడానికి కారణమిదే.

ఉత్తర తెలంగాణ ఆహార చరిత్రను గమనిస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. ఒకప్పుడు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల మెట్టప్రాంతాలలో జొన్నగట్క, మక్కగట్క నిత్యాహారం. చెరువుల కింద, బావుల కింద మాత్రమే వరి పండేది. 1963 జూలై 26న పోచంపాడు వద్ద గోదావరిపై ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అదే నేటి శ్రీరాంసాగర్. కాకతీయ కాలువ నీటితో జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాలు వరిపొలాలతో పచ్చబడ్డాయి. గట్క స్థానంలో సన్నబియ్యపు అన్నం వచ్చింది. ఆకలి తీరడం గొప్ప విజయమే. కాని కడుపు నిండినంత మాత్రాన శరీరానికి కావలసినవన్నీ అందినట్లు కాదు. కంటికి కనబడని ఈ కొరతను పోషకాహార శాస్త్రవేత్తలు 'దాగిన ఆకలి' అన్నారు.

ఈ దాగిన ఆకలిపై పోరులో మన హైదరాబాదు నగరానికి ప్రత్యేక స్థానమున్నది. 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకై మొదలైన చిన్న విభాగం క్రమంగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 'ఏ' విటమిన్ కాలేయంలో నిల్వ ఉండగలదు. ఈ లక్షణాన్ని ఆధారం చేసుకొని, పిల్లలకు ఆరునెలలకు ఒకసారి పెద్దమోతాదులో ఇస్తే అంధత్వాన్ని నివారించవచ్చని ఈ సంస్థ శాస్త్రవేత్తలు చూపారు. వారి పరిశోధనల పునాదిపై 1970లో జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. ఏడాది నుండి అయిదేళ్ళ పిల్లలకు రెండు లక్షల యూనిట్ల ద్రవాన్ని చెంచాతో పోసే ఆ పద్ధతి ఎందరి చూపునో కాపాడింది. అయినా ఆరోగ్య కార్యకర్త గూడేనికి చేరిననాడే ఆ మందు అందుతుంది. వానకాలంలో వాగులు పొంగితే ఆదిలాబాదు అడవుల నడుమ ఉన్న గూడేలకు చేరడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. రోజూ తినే అన్నంలోనే ఆ పోషకం ఉంటే ఎంత బాగుండును అన్న ఆలోచనకు మూలం ఇటువంటి పరిస్థితులే.

ఆ ఆలోచనకు కార్యరూపమిచ్చినవారు స్విట్జర్లాండులో పనిచేసిన ఇంగో పోట్రికస్, జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ బేయర్. వారి పరిశోధన ఫలితం 2000 జనవరిలో 'సైన్స్' పత్రికలో వెలువడింది. వారు చేసిన పనిని తెలుసుకోవాలంటే ముందుగా ఎంజైముల స్వభావాన్ని గ్రహించాలి.

జీవకణంలో ఏ పదార్థమూ ఒక్కసారిగా తయారుకాదు. సిరిసిల్లలో ఒక బట్ట సిద్ధం కావాలంటే కండెలు చుట్టేవారు, వార్పిన్ పోసేవారు, మరమగ్గం నడిపేవారు వరుసగా పనిచేయాలి. ఒకరు పని మానితే ఆ తరువాతివారు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. కణంలో ఎంజైములు అటువంటి పనివారు. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క రసాయన చర్యను నడిపిస్తుంది. ఏ ఎంజైము తయారుకావాలో నిర్దేశించే సమాచారం జన్యువులో ఉంటుంది. బీటా కెరోటిన్ తయారీలో ఇరవై కర్బన పరమాణువులున్న రెండు అణువులను జతచేసి, నలభై కర్బన పరమాణువుల ఫైటోయీన్‌ను చేయడం మొదటి మెట్టు. ఈ పని చేసేది ఫైటోయీన్ సింథేజ్ అనే ఎంజైము. ఫైటోయీన్‌కు రంగు లేదు. దాని నుండి దశలవారీగా హైడ్రోజన్ పరమాణువులను తొలగిస్తే ఎర్రని లైకోపీన్ ఏర్పడుతుంది. ఇది రెండవ మెట్టు. లైకోపీన్ గొలుసు రెండు కొనలను వలయాలుగా మలిస్తే బీటా కెరోటిన్ సిద్ధమవుతుంది. ఇది మూడవ మెట్టు.

వరిగింజలో ముడిసరుకు ఉన్నది. కాని మొదటి పనివాడు నిద్రపోతున్నాడు. అందువల్ల తరువాతి పనీ సాగడం లేదు. శాస్త్రవేత్తలు ఫైటోయీన్ సింథేజ్ జన్యువును డాఫొడిల్ అనే పూలమొక్క నుండి తీసుకున్నారు. రెండవ మెట్టుకు మొక్కలలో అనేక ఎంజైములు కావాలి. ఒక మట్టి బాక్టీరియాలో ఆ పనినంతటినీ ఒకే ఎంజైము నిర్వహిస్తుంది. కనుక ఆ జన్యువును బాక్టీరియా నుండి గ్రహించారు. వీటిని వరికణాలలోకి చేర్చడానికి ఆగ్రోబాక్టీరియమ్ అనే సూక్ష్మజీవి వాహనమైంది. మొక్కల కణాలలోకి తన జన్యువులను పంపడం దాని సహజ స్వభావం. హాని కలిగించే భాగాలను తొలగించి, వాటి స్థానంలో కావలసిన జన్యువులను ఉంచి, దానిని ఉపయోగించుకున్నారు. జన్యువులు చేరిన కణాల నుండి కణజాల వర్ధనం ద్వారా పూర్తి మొక్కలను పెంచారు.

ఇక్కడొక విశేషం జరిగింది. పై రెండు ఎంజైములు మాత్రమే చేరితే గింజలో ఎర్రని లైకోపీన్ పేరుకోవాలి. బియ్యం ఎర్రబడాలి. కాని గింజలు పసుపుపచ్చగా మెరిశాయి! మూడవ మెట్టుకు కావలసిన ఎంజైము వరిగింజలో ముందే ఉన్నదని దీనివల్ల తేలింది. పని లేక ఊరకున్న ఆ ఎంజైము సరుకు చేతికందగానే తన పని తాను చేసుకుపోయింది. ఆ విధంగా 'బంగారు వరి' పుట్టింది.

తొలి బంగారు వరిలో గ్రాము బియ్యానికి కెరోటినాయిడ్లు 1.6 మైక్రోగ్రాములు మాత్రమే. పిల్లల అవసరానికి ఇది చాలదని విమర్శకులు ఎత్తిచూపారు. ఆ విమర్శలో నిజమున్నది. లోపం మొదటి మెట్టులోనే ఉన్నదని గుర్తించిన శాస్త్రవేత్తలు అనేక మొక్కల ఫైటోయీన్ సింథేజ్‌లను పోల్చి చూశారు. వాటిలో మేటిగా నిలిచినది మక్కజొన్న జన్యువు. కరీంనగర్ చేలలో ఏటా పసుపుపచ్చని కంకులతో నిలిచే ఆ మక్క, వరికి లేని గుణాన్ని అరువిచ్చింది. 2005లో వెలువడిన ఈ రెండవ తరం బంగారు వరిలో కెరోటినాయిడ్లు గ్రాముకు 37 మైక్రోగ్రాముల వరకు పెరిగాయి. బియ్యం నిల్వ ఉన్నకొద్దీ, గాలి తగిలినకొద్దీ ఇందులో కొంత నశిస్తుంది. అయినా మునుపటితో పోలిస్తే ఇది గొప్ప ముందడుగు.

ప్రయోగశాలలో గెలిచిన మొక్క పొలంలో గెలుస్తుందన్న నియమం లేదు. ఈ సత్యాన్ని తెలిపే ఉదంతం మన తెలుగు నేలపై పుట్టిన స్వర్ణ వరితో ముడిపడి ఉన్నది. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఈ రకం దేశమంతటా విస్తరించింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బంగారు వరిలోని ఒక శ్రేణితో స్వర్ణను పలుమార్లు సంకరణం చేశారు. గింజలకు బంగారు రంగు వచ్చింది. కాని మొక్కలు పొట్టివై, ఆకులు వెలవెలబోయి, దిగుబడి పడిపోయింది. కారణాన్ని వెదకగా, కొత్త జన్యువులు వెళ్ళి వరిలోని మరొక ముఖ్యమైన జన్యువు నడుమ కూర్చున్నట్లు తేలింది. ఆ జన్యువు మొక్క ఎదుగుదలకు అవసరమైన ఆక్సిన్ రవాణాకు సంబంధించినది. ఈ ఫలితాన్ని వారు 2017లో దాచకుండా ప్రకటించారు. కొత్త జన్యువు ఏ పని చేస్తుందన్నదే కాక, ఎక్కడ చేరిందన్నది కూడా ముఖ్యమని ఈ ఉదంతం నేర్పుతుంది. వైఫల్యాన్ని దాచక వెల్లడించడం విజ్ఞానానికి శోభ.

విటమిన్ల ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగువారు గర్వించదగిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావును స్మరించకుండా ఉండలేము. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన తన సోదరులను స్ప్రూ వ్యాధికి కోల్పోయారు. అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఒకప్పుడు తన ఇంట విషాదం నింపిన వ్యాధికి ఆ విటమిన్ ఔషధమైంది. గర్భిణులలో ఒక రకపు రక్తహీనతను, పుట్టబోయే శిశువుల వెన్నెముక లోపాలను నివారించడానికి కూడా అది తోడ్పడుతుంది. తెల్లబియ్యంలో ఈ విటమిన్ స్వల్పం. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2007లో ఫోలేట్ తయారీకి అవసరమైన రెండు ఎంజైముల జన్యువులను అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క నుండి వరిలోకి చేర్చారు. ఫలితంగా గింజలో ఫోలేట్ నూరు రెట్ల వరకు పెరిగింది. సుబ్బారావు బృందం సీసాలో సాధించినదానిని తరువాతి తరం వరికంకిలో సాధించింది.

ఇంతటి ప్రయోజనం ఉన్నా ఈ పైరు పట్ల సందేహాలు తొలగలేదు. వాటిని కేవలం అజ్ఞానమని కొట్టిపారవేయడం తగదు. ఆదిలాబాదు నల్లరేగడి నేలల రైతులకు జన్యుమార్పిడి పంట కొత్తకాదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కొద్ది సంవత్సరాలలోనే ఆ చేలను ఆక్రమించింది. మొదట కాయతొలుచు పురుగు తగ్గింది. కాలక్రమంలో గులాబీరంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. ఏటేటా విత్తనం కొనవలసిన భారమూ రైతుపై పడింది. బంగారు వరి విషయంలో పేటెంటుదారులు ఒక వెసులుబాటు కల్పించారు. ఏడాదికి పదివేల డాలర్లకు లోపు ఆదాయమున్న వర్ధమాన దేశాల రైతులు రుసుము లేకుండా దానిని పండించవచ్చు, విత్తనం దాచుకోవచ్చు. అయినా ఒక అనుభవం మిగిల్చిన అనుమానం మరొక పంటను కూడా వెన్నాడుతుంది.

నమ్మకాన్ని మరింత దెబ్బతీసిన ఘటన చైనాలో జరిగింది. అక్కడ పాఠశాల పిల్లలపై బంగారు బియ్యంతో జరిపిన ప్రయోగంలో, అది జన్యుమార్పిడి బియ్యమన్న సంగతిని తల్లిదండ్రులకు సరిగా తెలియజేయలేదని తేలింది. 2012లో ప్రచురితమైన ఆ పరిశోధన పత్రాన్ని 2015లో పత్రిక ఉపసంహరించుకున్నది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చాలదు. మార్గమూ మంచిదై ఉండాలి.

బంగారు వరి సాగుకు 2021లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అనుమతినిచ్చింది. ప్రపంచంలో ఇదే మొదటి అనుమతి. అయితే భద్రతపై శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం లేదన్న కారణంతో అక్కడి న్యాయస్థానం 2024 ఏప్రిల్‌లో దానిని రద్దుచేసింది. మన దేశంలో 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయపై కేంద్రప్రభుత్వం నిలుపుదల విధించింది. మరోవైపు హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ జన్యుసవరణ పద్ధతితో సాంబ మసూరి నుండి రూపొందించిన 'కమల' అనే రకాన్ని 2025 మేలో ప్రకటించారు. ఇందులో పరాయి జీవి జన్యువు మిగలదు. వరిలోని సొంత జన్యువునే సవరిస్తారు. దీని లక్ష్యం దిగుబడే కాని విటమిన్ కాదు. కాని శాస్త్రం నడిచే దారులు మారుతున్నాయనడానికి ఇది నిదర్శనం.

ఈలోగా పిల్లల కళ్ళు తీర్పుల కోసం వేచి ఉండవు. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు మన పెరళ్ళలోనే 'ఏ' విటమిన్‌కు ఆధారాలుగా ఉన్నాయి. ఉట్నూరు ప్రాంతంలో ఇక్రిశాట్ సంస్థ, గిరిజన సంక్షేమ శాఖ కలిసి 'గిరి పోషణ' పేరుతో జొన్నలు, చిరుధాన్యాలు, పప్పులతో చేసిన ఆహారాన్ని అంగన్‌వాడీల ద్వారా గిరిజన తల్లులకు, పిల్లలకు అందించాయి. తాతలు తిన్న ధాన్యానికే శాస్త్రం కొత్త రూపమిచ్చిన తీరు ఇది. జగిత్యాల సమీపంలోని పొలాస పరిశోధన కేంద్రం రూపొందించిన 'జగిత్యాల సన్నాలు' మరొక పాఠం చెబుతుంది. సాంబ మసూరి వంటి సన్నగింజ, ఉల్లికోడును తట్టుకొనే శక్తి, రెండూ ఉన్నందువల్లనే రైతు దానిని ఆదరించాడు. రేపు విటమిన్ గల వరి వచ్చినా అది దిగుబడిలో, రుచిలో, చీడను తట్టుకోవడంలో రైతు పెట్టే పరీక్ష నెగ్గవలసిందే. రంగు మారిన అన్నాన్ని తల్లి నిస్సంకోచంగా బిడ్డకు కలిపి పెట్టవలసిందే.

ఒక గింజలో ఆగిపోయిన ఎంజైమును మేల్కొల్పడం శాస్త్రజ్ఞుల వంతు. ఆ గింజ నిరపాయమైనదో కాదో నిష్పాక్షికంగా తేల్చడం ప్రభుత్వాల వంతు. తెలిసిన నిజాన్ని ప్రజల భాషలో ప్రజలకు చెప్పడం చదువుకొన్నవారి వంతు. సిరిసిల్ల మగ్గం వలెనే ఇక్కడ కూడా ఒకరి పని ఆగితే తక్కినవారి శ్రమ వృథా అవుతుంది. ఈ గొలుసులో మీ మెట్టు ఏదో నిర్ణయించుకోవలసినవారు విద్యార్థులైన మీరే.

కఠిన పదాలకు అర్థాలు

నేత్రపటలం : కంటి లోపల వెలుతురును గ్రహించే పొర
అంకురచ్ఛదం : గింజలో మొలకకు ఆహారంగా నిల్వ ఉండే భాగం
ఎంజైము : జీవకణంలో రసాయన చర్యను వేగవంతం చేసే మాంసకృత్తు
సంకరణం : రెండు రకాల మొక్కలను కలిపి కొత్త రకాన్ని పుట్టించడం
కణజాల వర్ధనం : కణాలను పోషక ద్రావణంలో పెంచి మొక్కగా చేయడం
గట్క : జొన్న లేక మక్కరవ్వతో వండే ఆహారం
ఉల్లికోడు : వరిపిలకను ఉల్లికాడవలె మార్చివేసే పురుగు
ఉదంతం : వృత్తాంతం

అభ్యాసాలు

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వరిగింజలో బీటా కెరోటిన్ తయారయ్యేలా శాస్త్రవేత్తలు చేసిన కృషిని వివరించండి.
2. బంగారు వరి పట్ల వ్యక్తమైన సందేహాలను తెలిపి, వాటిపై మీ అభిప్రాయాన్ని రాయండి.

II. కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'దాగిన ఆకలి' అంటే ఏమిటి?
2. జాతీయ పోషకాహార సంస్థ 'ఏ' విటమిన్ లోపాన్ని నివారించడానికి చేసిన కృషి ఏది?
3. స్వర్ణ వరి ఉదంతం నేర్పే పాఠమేమిటి?
4. యల్లాప్రగడ సుబ్బారావు సాధించిన విజయాన్ని తెలపండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "వైఫల్యాన్ని దాచక వెల్లడించడం విజ్ఞానానికి శోభ."
2. "ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చాలదు, మార్గమూ మంచిదై ఉండాలి."
3. "పిల్లల కళ్ళు తీర్పుల కోసం వేచి ఉండవు."

IV. ఏకపద సమాధానాలు రాయండి.
1. తొలి బంగారు వరిలో ఫైటోయీన్ సింథేజ్ జన్యువును ఏ మొక్క నుండి తీసుకున్నారు?
2. రెండవ తరం బంగారు వరికి జన్యువునిచ్చిన పంట ఏది?
3. పసుపుకొమ్ముకు రంగునిచ్చే పదార్థం పేరేమి?
4. స్వర్ణ వరిని విడుదల చేసిన పరిశోధన కేంద్రం ఏది?

V. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో వారం రోజులపాటు వండిన ఆహార పదార్థాల పట్టిక తయారుచేసి, వాటిలో 'ఏ' విటమిన్‌కు ఆధారమైనవి ఏవో గుర్తించండి. తాతమ్మల కాలంలో తిన్న ఆహారాన్ని వారిని అడిగి తెలుసుకొని, నేటి ఆహారంతో పోల్చి ఒక వ్యాసం రాయండి.